నాలుగో గ్లాసు

మా డిపోలో నన్ను హారన్ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, నా వెనకే అంటారు. పంతొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాను. బండి హారన్ కన్నా ముందు నా గొంతు వినపడుతుందని వాళ్ల బాధ. వినపడితే వినపడనీ, నా బస్సు కింద ఇంతవరకూ ఒక్క కోడిపిల్ల కూడా పడలేదు. అలాంటి నాకు, ఏడాదికోసారి చేసే వైద్య పరీక్షలో డిపో డాక్టరు కాగితం చూసి, "షుగర్ రెండొందల నలభై ఉందమ్మా, ఇలాగైతే మిమ్మల్ని బండి ఎక్కనివ్వలేను" అన్నప్పుడు నోట మాట రాలేదు.

మూడు నెలలు గడువిచ్చాడు. పొద్దునా రాత్రీ వేసుకోమని ఒక బిళ్ల రాశాడు. అన్నం, రొట్టె, బ్రెడ్డు, బంగాళదుంప, తీపి, అన్నీ మానెయ్యమన్నాడు. గుడ్లు, చేప, ఆకుకూరలు, కాయగూరలు తినమన్నాడు. వేలు పొడుచుకుని రక్తం చుక్క పెడితే అంకె చూపించే చిన్న మిషన్ ఒకటుంటుంది, అది కొనుక్కుని రోజుకి రెండుసార్లు చూసుకోమన్నాడు. నెలకోసారి వచ్చి ఆ మిషన్ తనకి చూపించాలి.

"కాగితం మీద రాసుకొచ్చే అంకెలు నాకొద్దు. ఆ విషయంలో మన డ్రైవర్లందరూ కథకులే," అన్నాడు. "మిషన్ తీసుకురండి. అన్నీ దాన్లోనే ఉంటాయి. సరాసరి కూడా అదే కట్టి పెడుతుంది."

మూడు నెలలు తిరిగేసరికి ఆ సరాసరి నూట యాభై లోపుకి రావాలి. రాకపోతే స్టీరింగ్ దిగి, ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ టిఫిన్ డబ్బాలూ తిరిగిచ్చే కిటికీ వెనక కూర్చోవాలి. ఇప్పుడా కిటికీ దగ్గర ఉన్నావిడ నాతోపాటే ట్రైనింగ్ అయింది. మోకాలు పాడై బండి దిగింది. ఇప్పటికీ గేటు దగ్గర ఏ బస్సైనా మలుపు తిరుగుతుంటే, కుర్చీలో కూర్చునే కుడికాలితో నేల మీద బ్రేకు నొక్కుతుంది. నేను కళ్లారా చూశాను. నాకా గతి వద్దు అనుకున్నాను.

ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. అందరూ అంటే ముగ్గురు. మా ఆయనకి వీధి చివర కర్టెన్లు, సోఫా గలీబులు కుట్టే షాపు ఉంది. మా పిల్ల పదో తరగతి, లెక్కల్లో దిట్ట. మూడో మనిషి మా అత్తయ్య. వంటింటి రాజ్యం ఆవిడది. నేను తెల్లారకముందే మొదటి షిఫ్టుకి వెళ్లిపోయి రెండింటికి తిరిగొస్తాను గనక, పదిహేడేళ్ల కాపురంలో నేను ఆ రాజ్యంలో పౌరురాలినే తప్ప మంత్రిని కూడా కాలేదు.

అత్తయ్య వంటకి ఒక పద్ధతి ఉంది. బియ్యం డబ్బాలో ఒక చిన్న స్టీలు గ్లాసు పడి ఉంటుంది. తలకొక గ్లాసు. అంచు దాకా నింపి, పైన వేలితో చదును చేసి మరీ పోస్తుంది. నలుగురికి నాలుగు. చుట్టాలొస్తే ఆరో ఏడో. నేను ఆవిడని డబ్బా దగ్గరికి తీసుకెళ్లి, ఇక నుంచి నాకు అన్నం వద్దు, మూడు గ్లాసులే పొయ్యండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ సరే అంది. అత్తయ్య సరే అందంటే విన్నదని మాత్రమే అర్థమని, ఒప్పుకున్నదని కాదని నాకు అప్పటికే తెలిసుండాల్సింది.

మొదటి నెల నరకం. మా ఆయనకి కూర కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకునే అలవాటుంది. అన్నేళ్లూ ఆ కళ్లు మూసుకోవడం నాకు ముచ్చటగా ఉండేది. ఆ నెలలో ఎత్తి కుదెయ్యాలనిపించింది. మా పిల్ల నాకు మద్దతుగా రెండు రోజులు తనూ అన్నం మానేసి, మూడో రోజు బ్రెడ్డు పొట్లాంతో మేడ మీద దొరికిపోయింది. అత్తయ్య బాధ వేరు. నా కంచంలో కూర వడ్డించి, చాలాసేపు దాని వంక చూసి, "దేంట్లో కలుపుకుంటావు?" అని అడిగింది. దేంట్లోనూ కలుపుకోను, ఊరికే తింటానన్నాను. ఊరికే కూర తినే మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ రోజు నుంచీ నేను తింటున్నంతసేపూ నా ఎదురుగా నిలబడి, ఆస్పత్రిలో పేషెంటుని చూసినట్టు చూసేది.

అయినా నోరు కట్టుకున్నాను. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలు పొడుచుకునేదాన్ని. అంకె రోజురోజుకీ దిగింది. నెల తిరిగేసరికి మిషన్ చూపించిన సరాసరి నూట అరవై రెండు. డాక్టరు భేష్ అన్నాడు. ఆ సాయంత్రం అందరం కూర్చుని ఉండగా, ఇంకో పన్నెండు తగ్గితే బయటపడ్డట్టే అని చెప్పాను.

సరాసరి అంటే ఏమిటని అత్తయ్య అడిగింది. ఆవిడకి మార్కుల లెక్కలో చెప్పాలని మా పిల్ల ఉత్సాహపడింది. లెక్కల్లో తొంభై, సైన్సులో ముప్పై వస్తే కలిపి రెండుతో భాగిస్తారు నానమ్మా, అరవై వస్తుంది, మంచి మార్కు చెడ్డ మార్కుని లాగేస్తుంది అని చెప్పింది. మరి మీ అమ్మకి ఏది మంచి మార్కని ఆవిడ మళ్లీ అడిగింది. అమ్మకి తక్కువ వస్తేనే మంచిది, మంచివి ఎంత ఎక్కువ పడితే సరాసరి అంత తొందరగా తగ్గుతుంది అంది పిల్ల. అత్తయ్య తలూపి వంటింట్లోకి వెళ్లిపోయింది. చదువు మీద ఆవిడకి ఈ వయసులో ఆసక్తి పుట్టిందని మా ఆయన నవ్వాడు.

రెండో నెలలో నా బుర్ర తిరగడం మొదలైంది.

పొద్దున చూసుకుంటే నూట పన్నెండు. సాయంత్రం నూట ఇరవై ఆరు. మర్నాడు నూట ఎనిమిది, నూట ముప్పై. అన్నీ బుద్ధిగా ఉన్నాయి. కానీ మిషన్ ఆన్ చెయ్యగానే ముందు సరాసరి చూపిస్తుంది కదా, అది నూట అరవై రెండు నుంచి నూట డెబ్భై ఒకటి అయింది. తర్వాత నూట ఎనభై నాలుగు. నేను తగ్గుతున్నాను, నా సరాసరి పెరుగుతోంది. ఇదెక్కడి చోద్యం? మిషన్ కింద పడిందా, తడిసిందా, బ్యాటరీ అయిపోవచ్చిందా అని అటూ ఇటూ తిప్పి చూశాను. కొత్త బ్యాటరీ వేశాను. నూట ఎనభై తొమ్మిది అంది.

మా పిల్ల పెన్సిలు పట్టుకుని కూర్చుంది. "అమ్మా, ఈ నెల నీకు వచ్చినవాటిల్లో పెద్ద అంకె నూట ముప్పై. అలాంటప్పుడు సరాసరి తగ్గాలి గానీ ఎలా పెరుగుతుంది? లెక్క కుదరదు," అంది. కుదరదని నాకూ తెలుస్తూనే ఉంది, కానీ మిషన్‌కి తెలియట్లేదే. మా ఆయన, పాతికేళ్ల కుట్టు మిషన్ అనుభవంతో, ఏ మిషనైనా అప్పుడప్పుడూ మొండికేస్తుంది, రెండు రోజులు వదిలెయ్, అదే దారికొస్తుందన్నాడు. వదిలేశాను. రెండు రోజులు నేను ముట్టుకోకుండానే సరాసరి ఇంకో నాలుగు పెరిగింది. ఒక్క చుక్క పెట్టకుండా ఎలా పెరిగిందో ఆలోచిస్తే నాకు భయం వేసింది. నిద్రలో లేచి వంటింట్లోకి వెళ్లి అన్నం తిని, మిషన్ కూడా నిద్రలోనే చూసుకుని పడుకుంటున్నానేమో అనిపించింది. నాలుగు రోజులు మా ఆయన చేతికి నా చేతిని రుమాలుతో కట్టుకుని పడుకున్నాను. పక్క తిరగడానికి లేక ఆయన మెడ పట్టేసింది తప్ప ఇంకేం తేలలేదు.

మా కండక్టరు ఇంకో మాట చెప్పాడు. కోపం వల్ల కూడా షుగర్ పెరుగుతుందట. వాళ్ల మావయ్యకి అలాగే అయిందట. సరేనని ఒక వారం కోపం మానేశాను. అడ్డమొచ్చిన ఆటోలకి దారిచ్చాను. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లని, దయచేసి లోపలికి రండి బాబూ అన్నాను. నా ఒంట్లో బాగాలేదని డిపో అంతా పాకిపోయింది. వారం తర్వాత సరాసరి నూట తొంభై నాలుగు. అది చూసి నాకు వచ్చిన కోపానికి ఆ వారం బాకీ అంతా తీరిపోయింది.

రెండో నెల పరీక్షకి వెళ్తే డాక్టరు మిషన్ బటన్ ఒక్కసారి నొక్కి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. నేను పొద్దునా సాయంత్రం వచ్చిన అంకెలు ఏకరువు పెట్టాను. అందుకే నోటి లెక్కలు వద్దన్నది అన్నాడు. ఇంకో నెల చూస్తాననీ, ఆఖరి పరీక్షకి వారం ముందు ల్యాబులో రక్తం కూడా తీయిస్తాననీ, అదీ ఇదీ సరిపోతేనే ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెడతాననీ చెప్పాడు. బయటికి వస్తూ ఆ గొడుగుల కిటికీ వైపు చూడకుండా నడవడానికి చాలా కష్టపడ్డాను.

మిషన్ బాగుండి, నేను నిద్రలో నడవకపోతే, ఇక మిగిలింది తిండే. నేను తినేది ఎవరు వండుతున్నారు? అత్తయ్య. ఆవిడకి నేను అన్నం మానెయ్యడం ఇష్టం లేదు. నీరసపడిపోతున్నానని రోజూ మా ఆయనతో గొణుగుతోంది. చేప ముక్కల మీద పిండి పట్టిస్తోందా? గుడ్డులో ఏదైనా కలుపుతోందా? ఒక ఆదివారం మధ్యాహ్నం నా కంచంలో చేప ముక్క కాస్త కరకరలాడింది. అంతే, ఒంటికాలి మీద లేచాను. నా తిండిలో పిండి కలిపి నన్ను బండి దించాలని చూస్తున్నారా అని ఆవిడ మొహం మీదే అడిగేశాను. ఆవిడ చేతిలో గరిటె పొయ్యి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, వెళ్లి తన గదిలో కూర్చుంది. మా పిల్ల నా వైపు చూసిన చూపుకి కంచం పక్కకి నెట్టేశాను.

మర్నాటి నుంచి నా గుడ్లు, నా ఆకుకూర నేనే వండుకున్నాను. నాకు వేరే మూకుడు, వేరే నూనె సీసా. పది రోజులు అత్తయ్యకీ నాకూ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే, "మీ అమ్మకి చెప్పు, పాలు వచ్చాయని" అని పిల్లతో అనేది. నేనూ "మీ నానమ్మకి చెప్పు, విన్నానని" అనేదాన్ని. పది రోజులు పూర్తిగా నా చేతి వంట తిన్నాక మిషన్ ఆన్ చేశాను. రెండొందల మూడు.

అప్పుడు తెలిసింది, అత్తయ్య వంటలో ఏ తప్పూ లేదని. తెలిశాక వెళ్లి ఆ మాట ఆవిడతో చెప్పాలి కదా? చెప్పలేదు. నోరు రాలేదు. ఆవిడ ఈ మధ్య మంచినీళ్ల సీసా మంచం పక్కనే పెట్టుకుంటోందనీ, సూదిలో దారం మా పిల్ల చేత ఎక్కించుకుంటోందనీ చూశాను కూడా. ఎండలనుకున్నాను. కళ్లద్దాలు మార్చాలనుకున్నాను. నా సరాసరి గొడవలో నాకు ఇంకెవరూ సరిగ్గా కనపడలేదు.

ఇంకోటి కూడా చూశాను. రక్తం చుక్క పెట్టే పట్టీలు డబ్బాకి యాభై వస్తాయి. రోజుకి రెండు లెక్కన పాతిక రోజులు రావాలి. పదహారు పదిహేడు రోజులకే అయిపోతున్నాయి. డబ్బాలో తక్కువ పెట్టి అమ్ముతున్నారని మందుల షాపువాడితో దెబ్బలాడాను.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. వారం ముందే ల్యాబువాళ్లు రక్తం తీసుకున్నారు. ఆ పొద్దున మిషన్ రెండొందల పదకొండు చూపించింది. దాన్ని తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టడమంటే, నన్ను దించెయ్యండి అని నేనే రాసిచ్చినట్టు. దాన్ని టేబులు మీదే వదిలేసి, మరిచిపోయినట్టు వెళ్లిపోయాను.

డాక్టరు ల్యాబు కాగితం చూసి కనుబొమలు ఎత్తాడు. ఈ పరీక్ష ప్రకారం మూడు నెలల్లో నా సరాసరి నూట నలభై చిల్లర. బాగుందమ్మా అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే మిషన్ ఏదని అడిగాడు. ఇంట్లో మరిచిపోయానన్నాను. ఆయన కలం మూత పెట్టేశాడు. "పోయిన నెల మిషన్ రెండొందలకి దగ్గరగా ఉంది. ఇవాళ ల్యాబు ఇలా ఉంది. మిషన్ మాత్రం ఇంట్లో ఉంది. పోయినేడు ఒకాయన తన బదులు తమ్ముడి చేత రక్తం ఇప్పించాడు. మీరలా చేశారని నేననట్లేదు. ఒంటిగంట దాకా ఉంటాను, మిషన్ తెచ్చుకోండి," అన్నాడు.

మిషన్ తెస్తే సీటు పోతుంది, తేకపోతే దొంగని. ఏం చెయ్యాలో తోచక ఇంటికి బయల్దేరాను. మలుపులో దిగి మా వీధిలోకి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆ టైముకి ఎప్పుడూ నేను రోడ్డు మీదే ఉంటాను. మా ఆయన షాపులో, పిల్ల స్కూల్లో. తలుపు దగ్గరకి వేసి ఉంది. చప్పుడు చెయ్యకుండా తోశాను.

కిటికీ పక్క టేబులు దగ్గర అత్తయ్య కూర్చుని ఉంది. తిన్న కంచం ఒక పక్కకి జరిపి ఉంది. ఆవిడ ముందు నా మిషన్. పట్టీ తీసి దాన్లో గుచ్చింది, తడుముకుంటూ. వేలు పొడుచుకుంది. చుక్క పెట్టి, మిషన్ కూత పెట్టేదాకా ఆగి, అంకె వైపు కన్నెత్తి చూడకుండా పట్టీ లాగి కాగితంలో చుట్టింది. మిషన్‌ని ఎక్కడున్నదాన్ని అక్కడే, అటూ ఇటూ సర్ది మరీ పెట్టింది. నేను నోరు తెరుచుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడింది. చుట్టిన కాగితం గుప్పిట్లో దాచుకుంది. మాటల్లేని రోజులు గుర్తొచ్చినట్టుంది, పిల్ల కోసం చుట్టూ చూసింది. పిల్ల లేదు గనక నాతోనే చెప్పాల్సి వచ్చింది.

"నీ కోసమే. నాకు ఏ జబ్బూ లేదుగా, ఈ వయసుకీ ఒక్క బిళ్ల వేసుకోను. మంచి మార్కు పడితే చెడ్డదాన్ని లాగుతుందని పిల్ల చెప్పింది. రోజుకొకటి వేస్తున్నా. నువ్వు వెళ్లిపోయాక."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. రెండు నెలలుగా ఈవిడ, నా సరాసరి తగ్గడానికి, తన రక్తం చుక్కలు నా మిషన్‌కి పెడుతోంది. నేను ముట్టుకోని రెండు రోజులూ కూడా పెట్టింది. పిండి కలుపుతున్నారని నేను నిలదీసిన మర్నాడు కూడా పెట్టింది. అంకె ఎప్పుడైనా చూశారా అని అడిగాను. తనకెక్కడ కనపడుతుంది, ఈ మధ్య అన్నీ అలికేసినట్టున్నాయంది. చూడ్డానికేముంది, మంచిదే వస్తుందిగా అంది.

మిషన్ తీసి, పాత అంకెలు చూపించే పక్క బటన్ మొదటిసారి నొక్కాను. ఆఖరి అంకె నాలుగొందల పద్దెనిమిది. దాని ముందు రోజుది పదకొండూ పదికి, మూడొందల తొంభై ఆరు. ఆ ముందుది నాలుగొందల నాలుగు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ మిషన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది. ఏది ముందు చెయ్యాలో తెలియక ఉన్న మాట అనేశాను.

"నాలుగొందల పద్దెనిమిది ఉందత్తయ్యా. మీది."

"ఎక్కువా?"

"చాలా ఎక్కువ."

ఆవిడ పెదాలు కదిలాయి, లెక్క కట్టుకుంటున్నట్టు. మొహం పాలిపోయింది. తన సంగతి కాదు ఆవిడ అడిగింది.

"అయితే నీ సరాసరి నేనే పెంచేశానా?"

నేను కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఏం తింటున్నారసలు అని అడిగాను. అందరూ తిన్నదే అంది. ఎదురుగా అన్నం గిన్నె ఉంది. అడుగున మెతుకు లేదు. మా ఆయనా పిల్లా తిని వెళ్లాక మిగలాల్సింది ఒక మనిషి అన్నం. ఆ కంచం వెడల్పూ దాని అంచు దాకా అంటిన కూరా చూస్తే ఒక మనిషి తిన్నట్టు లేదు. ఎన్ని గ్లాసులు పోస్తున్నారని అడిగాను. ఆవిడ కంచం తన వైపుకి లాక్కుంది. మళ్లీ అడిగాను. నాలుగు అంది.

"మూడే పొయ్యమన్నానుగా."

"మీ మావయ్య పోయాక ఆయన గ్లాసు తగ్గించడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు కళ్ల ముందు తిరుగుతుండగా నీ గ్లాసు తీసెయ్యమంటే ఎలా తీస్తాను? నా చెయ్యి ఆడలేదు."

"మరి ఆ అన్నం?"

"పారేస్తానా? నీ పేరున వండిందాన్ని."

అదన్నమాట సంగతి. మూడు నెలలుగా నేను పక్కకి నెట్టిన అన్నమంతా ఆవిడ కంచంలోకి వెళ్లింది. అందరికన్నా ఆఖర్న, ఒక్కతే కూర్చుని, తనదీ నాదీ తిని, ఆ మీదట వేలు పొడుచుకుని నా మిషన్‌కి చుక్క పెట్టింది. ఆవిడ మీద కేకలెయ్యాలని నోరు తెరిచాను. నా మీద నాకే అసహ్యం వేసి మూసుకున్నాను.

పన్నెండు కావొస్తోంది. నేను లేచేలోపే ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. డాక్టరుతో తనే మాట్లాడతానంది. మా రూట్ బస్సే ఎక్కాం. డ్రైవరు నన్ను చూసి చెయ్యెత్తాడు. అత్తయ్య అతని వెనక సీట్లో కూర్చుని, దారి పొడవునా సీసాలో నీళ్లు తాగుతూ, ఏం చెప్పాలో లోలోపల అప్పజెప్పుకుంది.

నేను చెప్పిందంతా డాక్టరు చేతులు కట్టుకుని విన్నాడు. తప్పు అత్తగారి మీదికి తోసే కోడళ్లని చూశాను గానీ, అందుకోసం అత్తగార్ని వెంటబెట్టుకొచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. నమ్మినట్టు లేదు. అప్పుడు అత్తయ్య రెండు చేతులూ ఆయన టేబులు మీద పరిచింది. పది వేళ్ల చివర్లూ చిల్లులే. కొన్ని ఎండి నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాది బాబూ. అమ్మాయికి ఏం తెలీదు. ఆ సీటు తీసేస్తే అది బతకలేదు," అంది.

ఆయన తన మిషన్ తీసి ఇద్దరికీ చూశాడు. నాకు నూట ఇరవై ఒకటి. ఆవిడకి నాలుగొందల నలభై. తర్వాత నా మిషన్‌లోని అంకెలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ, పక్కన నా డ్యూటీ చార్టు పెట్టుకుని చూశాడు. మూడొందలు దాటిన ప్రతిసారీ నేను రోడ్డు మీద ఉన్నాను, నా సంతకాలతో సహా. ఆయన కలం మూత తీసి నా కాగితం మీద సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. రెండింటి షిఫ్టుకి ఎక్కొచ్చన్నాడు.

ఆ కాగితం కోసం మూడు నెలలు నోరు కట్టుకున్నాను. అది చేతికొచ్చాక, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాను. డాక్టరు అప్పటికే అత్తయ్య వైపు తిరిగాడు. దాహం ఎప్పటి నుంచి, కళ్లు మసక ఎప్పటి నుంచి, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడుగుతుంటే ఒక్కోదానికీ రెండు నెలలంటూ పోయింది. రెండు నెలలుగా ఇంట్లో ఎందుకు చెప్పలేదని ఆయన కసిరాడు. ముందు అమ్మాయిది తేలనిద్దామని ఊరుకున్నా అంది. ఆయన పక్క గదిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించమని నర్సుతో చెప్పి, నన్ను పక్కకి పిలిచి, ఇంకో వారం ఇలాగే తినుంటే మనిషి దక్కేది కాదన్నాడు.

నేను ఆ గదిలోకి వెళ్లేసరికి నర్సు ఆవిడ చెయ్యి తిప్పి చూస్తోంది. గంటకోసారి షుగర్ చూడాలట, పొడవడానికి ఏ వేలూ ఖాళీ లేదని విసుక్కుంటోంది. ఏదైనా ఫరవాలేదు తల్లీ, నాకు అలవాటేనంటోంది అత్తయ్య. నన్ను చూడగానే, ఆ సూది సంగతి మరిచిపోయి, నర్సుకి నన్ను వేలెత్తి చూపించింది. మా కోడలు, బస్సు నడుపుతుంది, ఇవాళే పరీక్ష అయిందని చెప్పింది. నేను మంచం పక్కన కూర్చున్నాను. పిండి కలుపుతున్నారని నేనన్నది తప్పు అత్తయ్యా అని చెప్పాలని మొదలుపెట్టి, అత్తయ్యా అన్న దగ్గరే ఆగిపోయాను. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోతున్నాయి. ఆవిడకి నా మొహం సరిగ్గా కనపడలేదేమో, ఖాళీగా ఉన్న చేత్తో నా చెంప తడిమి చూసింది.

"ఏడుస్తావెందుకు," అంది, "పాసయ్యావుగా."